బాడీ ఎర్త్

తాళం తిప్పితే ఏమీ కాలేదు. టక్కుమనలేదు, గుర్రుమనలేదు, కనీసం మూలుగుతూ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయినా రామ్మోహన్ సంతోషించేవాడే, బ్యాటరీ నీరసించిందిలే అనుకుని చార్జర్ తగిలించేవాడు. ఇదేమో డాష్‌బోర్డు మీద ఎర్రదీపం ఒకటి మసగ్గా వెలిగి, తాళం ఇంకాస్త తిప్పేసరికి ఆరిపోయింది, అంతే. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. మూడోసారి తిప్పబోయి ఆగాడు, ఎందుకంటే పనిచేయని మీటని పదిసార్లు నొక్కితే పదకొండోసారి పనిచేస్తుందనుకునేవాళ్ళని చూసి ఇరవయ్యేళ్ళుగా ఆఫీసులో నవ్వుకున్నవాడు తనే. టైము తొమ్మిదీ యాభై అయిదు. పదకొండుకి నర్సు వస్తుంది. షెడ్డు తలుపులోంచి చూస్తే ఇంటి దగ్గర్నుంచి పెద్దరోడ్డు దాకా నూటయాభై మీటర్ల దారి ఉండాలి, ఉందని తనకి తెలుసు గనక ఉంది, కంటికి మాత్రం నడుం లోతు మంచు తప్ప ఇంకేమీ లేదు, సముద్రం మీంచి వచ్చిన తుఫాను గాలి ఊళ్ళో మంచంతా ఊడ్చుకొచ్చి ఈ ఒక్క దారిలోనే కుప్ప పోసినట్టుంది. ఇల్లు అమ్మిన ముసలాయన పచ్చిక కోసుకోవడానికి వదిలివెళ్ళిన ఈ చిన్న ట్రాక్టరుకి చలికాలం ముందు భాగంలో మంచు ఎగజిమ్మే యంత్రం తగిలిస్తారు, అది తిరిగితే దారి తెరవడం అరగంట పని. పారతో అయితే చీకటి పడుతుంది, నడుం పడుతుంది, దారి మాత్రం పడదు. ఏటా దారి తెరిచే ట్రక్కువాడికి పొద్దున్నే ఫోన్ చేస్తే, నా ముందు పద్నాలుగు ఇళ్ళున్నాయి, రెండు దాటాక చూస్తాను అన్నాడు.

రెండు దాటాక ఎవరికి కావాలి. ఇంట్లో కిటికీ పక్క మంచం మీద అత్తగారు, బాలత్రిపురసుందరి గారు, తుంటి ఎముక విరిగి ఆపరేషనై, ఆ ఆపరేషన్ గాయంలో చీము పట్టి, పందొమ్మిది రోజులు హాలిఫాక్స్ ఆసుపత్రిలో ఉండి, వారం కిందట ఇంటికొచ్చింది. రోజూ పదకొండు గంటలకి హోమ్ కేర్ నర్సు వచ్చి చేతికున్న గొట్టంలోకి యాంటీబయాటిక్ ఎక్కించాలి, ఒక్క రోజు కూడా తప్పకూడదు, ఇంటికి పంపేటప్పుడు డాక్టరు వేలు చూపించి మరీ చెప్పిన షరతు అది. పొద్దున నర్సు హెదర్ ఫోన్ చేసి, మంచి మనిషి, గొంతులో నిజమైన బాధ పెట్టుకుని, దారి తెరిచి ఉంటేనే లోపలికి రాగలను, బ్యాగు మోసుకుని నడుం లోతు మంచులో నడవడానికి మాకు పర్మిషన్ లేదు, అలా కాకపోతే అంబులెన్స్‌కి చెప్పాలి, వాళ్ళు ఆమెను స్ట్రెచర్ మీద రోడ్డు దాకా మోసుకెళ్ళి మళ్ళీ అడ్మిట్ చేస్తారు, గురువారం ఇంకో తుఫాను ఉంది గనక అది దాటేదాకా అక్కడే ఉంచుతారు అంది. ఆ మాట అత్తగారికి ఎవరూ తెలుగులో చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఫోన్ మాట్లాడేవాళ్ళ మొహం చదవడంలో ఆవిడది పెద్ద చదువు. రామ్మోహన్ బూట్లు తొడుక్కుంటూంటే కిటికీ వైపు తిరిగి, కిటికీతోనే అన్నట్టుగా, "ఆ ఆసుపత్రి మంచం మీదకి మాత్రం మళ్ళీ పంపొద్దని చెప్పండి, మీకు పుణ్యముంటుంది" అంది. భార్య రాధిక ఉంటే తల్లి చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి చెప్పేది, కానీ ఆసుపత్రి ల్యాబులో డ్యూటీకెళ్ళిన రాధిక తుఫానుకి నిన్నటి నుంచి హాలిఫాక్స్‌లోనే చిక్కుకుపోయింది. ఉన్నదల్లా తనూ, స్కూలు సెలవిచ్చిన సంతోషంలో కూతురు అమృతా, ఈ మొండి ట్రాక్టరూ.

సీటు ఎత్తి బ్యాటరీకి మీటరు పెట్టాడు. పన్నెండు పాయింట్ ఆరు వోల్టులు. నిక్షేపంలా ఉంది. ఫ్యూజు తీసి వెలుతురుకి పట్టి చూశాడు, లోపలి తీగ తెగలేదు. అయితే తేడా మధ్యలో ఎక్కడో ఉంది. చేతిగ్లవ్ పళ్ళతో లాగి తీసి, పనిముట్ల డబ్బా అడుగు నుంచి టెస్ట్ ల్యాంపు బయటికి తీశాడు: పాత స్కూటరు ఇండికేటర్ బల్బు ఒకటి, దానికి రెండు మూరల తీగలు, ఒకదానికి పట్టుకునే క్లిప్పు, ఇంకోదానికి సైకిల్ పుల్ల అరగదీసి చేసిన ముల్లు. ఇది మామగారి చేతి పని. తెనాలి వంతెన దిగగానే ఎడం వైపు విశ్వనాథం ఆటో ఎలక్ట్రికల్స్ అంటే లారీలవాళ్ళకి తెలియందెవరికి. పెళ్ళయిన మొదటి దసరాకి కొత్త అల్లుడికి బట్టలూ ఉంగరం అందరూ పెడతారు, ఆయన అవి పెట్టి, భోజనాలయ్యాక ఒక కాగితం పొట్లం కూడా చేతిలో పెట్టాడు, విప్పితే ఇది. రామ్మోహన్‌కి లోపల నవ్వొచ్చింది, సాఫ్ట్‌వేర్ వాడికి ఇదేం కానుకరా బాబూ అని. "అల్లుడుగారూ, మీటరు అబద్ధం చెబుతుందండీ, బల్బు చెప్పదు. మీటరుకి చారెడు కరెంటు చూపించినా అంకె చూపిస్తుంది. బల్బు వెలగాలంటే మాత్రం పని చేసేంత కరెంటు ఉండాలి. మనుషుల్లోనూ అంతేననుకోండి" అన్నాడాయన, ఆ చివరి మాట ఎవరి గురించో అప్పట్లో అర్థం కాలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఆ బల్బు హైదరాబాదు నుంచి డాలస్, డాలస్ నుంచి టొరంటో, టొరంటో నుంచి ఇక్కడికి, ప్రతి ఇల్లు మారడంలోనూ పారేద్దామనుకుని పారేయక మిగిలిపోయింది, ఈ అట్లాంటిక్ ఒడ్డు షెడ్డులో, మైనస్ తొమ్మిదిలో, పనికొచ్చే రోజొచ్చింది.

క్లిప్పు బ్యాటరీ నెగెటివ్‌కి తగిలించి, ముల్లుతో ఒక్కొక్క చోటా గుచ్చి చూడడం మొదలుపెట్టాడు. ఈ బండికి అనుమానాలు ఎక్కువ. సీటు మీద మనిషి కూర్చున్నాడా, బ్రేకు తొక్కాడా, ముందు యంత్రం ఆపి ఉంచాడా, ఇన్నిటికీ తలా ఒక చిన్న స్విచ్చి, అందరూ అవునంటేనే కరెంటుని ముందుకి వదులుతాయి, ఒక్కటి కాదన్నా తాళం తిప్పిన చెయ్యి తిప్పినట్టే ఉండాలి. వీసా ఆఫీసులో కిటికీల్లాగా. పని చేసే దానికన్నా పని ఆపే దానికే ఎక్కువ తీగలున్నాయి బండిలో. సీటు స్విచ్చి దగ్గర బల్బు వెలిగింది. బ్రేకు దగ్గర వెలిగింది. ఇలాంటివే వరసగా అన్నీ సరిగా ఉండి, అయినా మనిషి కదలకపోవడం రామ్మోహన్‌కి తెలియని సంగతి కాదు. మూడేళ్ళ కిందట టొరంటోలో ఉద్యోగం పోయినప్పుడు, ఒళ్ళు బాగుంది, చదువు బాగుంది, రెజ్యూమే మూడు పేజీలు బాగుంది, తాళం తిప్పితే మాత్రం టక్కుమనేది కాదు. రాధికకి ఇక్కడ ల్యాబులో పని దొరికి ఈ పాత ఇంటికి వచ్చాక, తను బేస్‌మెంట్‌లో దిగి కూర్చునేవాడు. ఏం చేసేవాడని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. అప్పుడే తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద అత్తగారు వచ్చింది, రాధికకి తోడుగా నాలుగు నెలలుండి పోతానని, వచ్చి ఉండిపోయింది. అల్లుడితో ఎదురుగా మాట్లాడే అలవాటు ఆవిడకి లేదు, పాతకాలపు పద్ధతి, చెప్పాల్సిందేదైనా కూతురికో మనవరాలికో చెబుతుంది, ఎవరూ లేకపోతే గోడకి చెబుతుంది, అల్లుడు పక్కనుంచి వినాలి. వచ్చిన వారానికి ఒక రోజు తొమ్మిదింటికి బేస్‌మెంట్ మెట్ల మీద స్టీలు గ్లాసు చప్పుడయింది, పైనుంచి గొంతు: "అమ్మడూ, మీ నాన్నగారికి కాఫీ పెట్టానని చెప్పు, ఆఫీసు టైమయింది." అమృత అప్పటికి స్కూలుకెళ్ళి గంట దాటింది. ఆఫీసు! పైజామాలో ఉన్నాడు, గడ్డం తీసి ఆరు రోజులు. మర్నాడు మళ్ళీ తొమ్మిది, మళ్ళీ గ్లాసు, మళ్ళీ ఆఫీసు టైమయింది. తెనాలి నుంచి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేస్తే ఆవిడ గొంతు తగ్గించి చెప్పడం విన్నాడు, "అల్లుడుగారు ఆఫీసులో ఉన్నారే, గట్టిగా మాట్లాడకూడదు." అందులో వెటకారం ఉందేమోనని మూడు రోజులు వెదికాడు. దొరకలేదు. నాలుగో రోజు తొమ్మిదిలోపల గడ్డం గీసుకుని చొక్కా వేసుకుని కిందికి దిగాడు, ఎందుకంటే కాఫీ తెచ్చేది ఆఫీసుకి. ఆ చొక్కా మీదనే రెండు నెలల తరవాత వీడియో ఇంటర్వ్యూ ఇచ్చాడు, ఇప్పుడున్న ఉద్యోగం అదే. ఆ బేస్‌మెంటే ఆఫీసు, ఆవిడ చెప్పింది రెండు నెలలు ముందుగా చెప్పిందంతే, అబద్ధం కాదు. దీనికి థాంక్స్ చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. తెలుగులో అత్తగారికి థాంక్స్ చెప్పే వాక్యం ఏదో రామ్మోహన్‌కి తెలియలేదు, కృతజ్ఞతలండీ అంటే సభలో దండ వేసినట్టుంటుంది.

చివరికి స్టార్టరుని మేలుకొలిపే చిన్న డబ్బా, సోలినాయిడ్, దాని సన్నతీగ దగ్గర ముల్లు ఆనించి, ఒక మోకాలితో సీటు నొక్కిపట్టి, ఒక కాలు బ్రేకు మీద పెట్టి, సర్కసు వాడిలా సాగి తాళం తిప్పాడు. బల్బు వెలిగింది. అంటే స్విచ్చులన్నీ ఒప్పుకున్నాయి, కరెంటు ఇక్కడిదాకా వచ్చింది, అయినా డబ్బా టక్కుమనలేదు. అయితే డబ్బాయే పోయింది. తిరుపతి లడ్డూ అయినా దొరుకుతుందేమోగాని ఈ తుఫానులో సోలినాయిడ్ ఎక్కడ దొరుకుతుంది. సరే, మామగారి షాపులో లారీలకి చేసేవాళ్ళు, దాన్ని దాటించి స్క్రూడ్రైవరుతో రెండు లావు బోల్టులూ కలిపేస్తే స్టార్టరు నేరుగా తిరగాలి; గేరు తీసి ఉందో లేదో రెండుసార్లు చూసుకుని కలిపాడు. నిప్పురవ్వలు రావాలి. చిన్న మిణుకు కూడా రాలేదు. డబ్బా పోయింది సరే, స్టార్టరు కూడా పోయిందా, రెండూ ఒకే రాత్రి కూడబలుక్కుని పోయాయా. వేళ్ళ కొసలు ఎప్పుడు మొద్దుబారాయో తెలియలేదు, చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. టైము పదీ ఇరవై అయిదు. వెనక తలుపు తెరుచుకుని అమృత కేకేసింది, "డాడ్! నర్స్ టెక్స్ట్ చేసింది. ఆన్ టైమ్ అట. ఈజ్ ఇట్ వర్కింగ్?" ఆ ప్రశ్నకి జవాబు ఏ భాషలోనూ బాగుండదు. "చూస్తున్నా" అన్నాడు.

పార వైపు చూశాడు. ఫోన్ వైపు చూశాడు. అంబులెన్స్ వాళ్ళని ముందే పిలిస్తే కాస్త నెమ్మదిగా, కాస్త మర్యాదగా మోస్తారేమో, ఆవిడ ఎరుపు శాలువా కప్పుకుని మంచులో స్ట్రెచర్ మీద, ఎవరి మొహం చూడకుండా ఆకాశం వైపు చూస్తూ, ఆ మంచం మీదికి. ఆ మంచం పక్కన రోజూ మూడు పూటలా ఒక అమ్మాయి వచ్చి, నొప్పి ఒకటి నుంచి పదిలో ఎంత అని అడిగేది, ఫోన్లో ఎక్కడిదో దుబాసీ గొంతు దాన్ని తెలుగు చేసేది, అత్తగారు రోజూ ఒకటే జవాబు, "పర్లేదమ్మా." పర్లేదు అంటే ఎంత, ఆ దుబాసీ పాపం ఏం చేస్తాడు, పర్లేదంటే ఫరవాలేదు, ఫరవాలేదంటే బానే ఉంది, బానే ఉందంటే రెండు, రెండు అని రాసుకుని వెళ్ళిపోయేవారు. లోపల చీము పడుతోంది, ఆవిడ పర్లేదంటోంది. ఆరో రోజు జ్వరం నూట మూడు దాటాక తెలిసింది, మా వాళ్ళ పర్లేదు అంటే పదికి ఎనిమిదని. ఆ సంగతి తను ముందే చెప్పాల్సింది, పక్కనే కూర్చుని ఆఫీసు కాల్ మాట్లాడుతూ తనూ విన్నాడు పర్లేదని, ఇరవయ్యేళ్ళుగా ఆ మాట విని కాఫీ తాగి వెళ్ళిపోవడం అలవాటైపోయి. ఫోన్ జేబులో పెట్టేసి, ఇంకొక్కసారి, అన్నాడు పైకే.

సోలినాయిడ్ దగ్గర మళ్ళీ గుచ్చుదామని వంగితే తీగ లాగినట్టయి బ్యాటరీ నెగెటివ్‌కున్న క్లిప్పు ఊడింది. చేతులు చలికి మాట వినడంలేదు, మళ్ళీ బ్యాటరీ దాకా చెయ్యి సాచే ఓపిక లేక దగ్గర్లో ఉన్న ట్రాక్టరు ఇనప చట్రానికే తగిలించి, ముల్లుని బ్యాటరీ పాజిటివ్‌కి ఆనించాడు, బల్బు బాగుందో లేదో చూద్దామని. బల్బు వెలగలేదు. అయ్యో ఇదీ పోయిందా అని క్లిప్పు మళ్ళీ నెగెటివ్‌కి పెట్టాడు. భేషుగ్గా వెలిగింది. చట్రానికి పెట్టాడు. ఆరిపోయింది. నెగెటివ్‌కి. వెలిగింది. అప్పుడు గుర్తొచ్చింది ఆ మాట. తెనాలి షాపులో లారీ కింద పడుకుని మామగారు, నూనె మరకల బనీను, పళ్ళమధ్య స్పానరు, అల్లుడు ఇస్త్రీ ప్యాంటుతో గొంతుక్కూర్చుని మర్యాదకి వింటుంటే, "కరెంటుని పంపడానికి ఇన్ని రంగుల తీగలు వేస్తామాండీ, తిరిగి రావడానికి మాత్రం తీగ ఉండదు, బండి ఒళ్ళే దానికి దారి. బాడీ ఎర్త్ అంటాం. పంపే దారి అందరూ చూస్తారు. తిరిగొచ్చే దారి ఎవడూ చూడడు. నా దగ్గరికొచ్చే బండ్లు సగం ఆ కేసులే." పొద్దుట్నుంచి తను చూసినదంతా పంపే దారి. క్లిప్పు బ్యాటరీకే పెట్టుకుని, వెళ్ళిన కరెంటు వెళ్ళిందా వెళ్ళిందా అని అన్ని చోట్లా అడిగాడు, వచ్చిందా అని ఒక్కచోట అడగలేదు. సోలినాయిడ్ బాగుంది. స్టార్టరు బాగుంది. చచ్చి స్వర్గానున్న మామగారు కూడా బాగున్నారు. కారులోంచి జంపర్ కేబుల్ తెచ్చి ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, ఒక కొస ఇంజను ఇనుముకి పట్టించి, మళ్ళీ సర్కసు వాడిలా సాగి తాళం తిప్పగానే స్టార్టరు గిర్రున తిరిగింది, రామ్మోహన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఆపేశాడు. ఆ కేబుల్ పట్లతో దారి మీదికి వెళితే మొదటి కుదుపుకే ఊడిపోతుంది, అసలు తీగ సంగతి చూడాలి.

నల్లతీగ బ్యాటరీ నుంచి వెనక్కి దిగి, అది కూర్చునే పెట్టె కిందికి పోయి, ఎక్కడో చట్రానికి బోల్టుతో కలుస్తుంది. కనబడేచోటు కాదు. మోకాళ్ళ మీద కూర్చుని, చెంప వెనక చక్రానికి ఆనించి, ఫోను లైటు వేసి చూశాడు. బోల్టు కనబడలేదు, బోల్టు ఉండాల్సిన చోట ఏదో నల్లగా కాయ ఉంది. ఎలుక గూడనుకున్నాడు. స్క్రూడ్రైవరుతో కదిపితే ఊగింది, దారానికి వేలాడుతూ. నల్లదారం, దానికి ఎండిపోయి రాయిలా అయిన నిమ్మకాయ ఒకటి, కింద వరసగా మిరపకాయలు, ఏడు లెక్కపెట్టాడు. గట్టిగా బిగించి నాలుగు చుట్లు చుట్టి ముడేసిన దారం, ఆ ముడి ఎవరిదో ముడి చూస్తేనే తెలుస్తుంది, సంచి మూతి కట్టినా ఊరగాయ జాడీకి గుడ్డ కట్టినా అదే ముడి. దారం గుచ్చిన చిల్లులోంచి పుల్లటి రసం కారి కారి, తీగ కొసనున్న రాగి వలయం ఆకుపచ్చగా పొక్కి, బోల్టుకీ దానికీ మధ్య చిలుము కట్టిపోయింది.

దసరా నాడు ఆవిడ ట్రాక్టరుకి పూజ చేసింది. పసుపు, కుంకం, చక్రాల కింద నిమ్మకాయలు, అన్నీ. ముందు లైటు దగ్గర నిమ్మకాయా మిరపకాయలూ కడుతుంటే అమృత, అమ్మమ్మా, మైస్ వస్తాయి, దిస్ ఈజ్ ఫుడ్ వేస్ట్ అని నవ్వింది, అది పిల్ల, సరే, తనూ నవ్వాడు. ఇది లారీ కాదులెండి అని విప్పేసి వంటింటి కిటికీకి తగిలించాడు. ఆవిడ ఏమందో ఇప్పుడు గుర్తొచ్చింది. పర్లేదు అంది. తెనాలి షాపులో చేతికొచ్చిన ఏ బండీ నిమ్మకాయ లేకుండా గేటు దాటేది కాదు, ముప్ఫయ్యేళ్ళ పాటు ఆ దండలు గుచ్చింది ఆవిడ చేతులే, ఇంటాయన రిపేరు చేసిన బండి దారిలో ఎవరినీ చంపకూడదని. అల్లుడు ఎక్కే బండిని బోసిగా వదిలేస్తుందా. మర్నాడో ఆ మర్నాడో, తను బేస్‌మెంట్ ఆఫీసులో ఉండగా, ఈ షెడ్డులోకి ఒక్కతే వచ్చి, డెబ్బై ఒకటేళ్ళ మనిషి, ఇంకా తుంటి విరగని మనిషి, ఈ సిమెంటు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరికీ కనబడని చోటు వెదికి వెదికి, ఎవరూ నవ్వలేని చోటు, కట్టి వెళ్ళింది. కట్టింది సరిగ్గా ఎర్త్ బోల్టుకే. విశ్వనాథం ఆటో ఎలక్ట్రికల్స్ గృహిణి! మామగారు చూసుంటే లారీ కిందనుంచి లేచి తల కొట్టుకునేవాడు. రామ్మోహన్‌కి నవ్వొచ్చింది, ఒక్కడే షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు, ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఏడుపయింది, అయినా ఆపలేదు, ఎవరున్నారు చూడ్డానికి. తనకేమీ కాకూడదని ఒకరు ఇంత చలి షెడ్డులోకి వచ్చి నేలకి వంగారు, నాలుగు నెలలుగా తను దాని మీదే కూర్చుని తిరుగుతున్నాడు, తెలియనే తెలియదు. ఈ దేశంలో ఇన్సూరెన్సులు చాలా ఉన్నాయి, అన్నిటికీ తనే సంతకం పెట్టాడు. తను సంతకం పెట్టనిది ఇదొక్కటే.

దారం కోసి, నిమ్మకాయని పారేయబుద్ధి కాక కోటు జేబులో వేసుకుని, బోల్టు విప్పి, గరుకు కాగితంతో వలయాన్నీ చట్రాన్నీ మెరిసేదాకా రుద్ది మళ్ళీ బిగించాడు. తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. పదీ నలభై రెండు. ముందు యంత్రం గరగరా తిరిగి మంచుని పక్క చెట్ల మీదికి ఎగజిమ్ముతుంటే రామ్మోహన్ నెమ్మదిగా, అర అడుగు అర అడుగుగా దారిలోకి దిగాడు, గాలికి సగం మంచు తిరిగి తన మొహానే పడుతోంది, పడనీ. ఎవరికని థాంక్స్ చెప్పాలి. పళ్ళమధ్య స్పానరు పెట్టుకుని పాఠం చెప్పిన ఆయనకి. ఆ పాఠం వినేటప్పుడు ఇస్త్రీ ప్యాంటు నలుగుతోందనే ధ్యాస తప్ప ఇంకేదీ లేని తనలాంటి అల్లుణ్ణి కూడా భరించినందుకు. ఇంటితో పాటు ఈ బండిని కూడా వదిలివెళ్ళి, దాని తాళం మేకుకి తగిలించి, బీ గుడ్ టు హర్ అని చీటీ రాసిన ఆ ముసలాయనకి. పద్నాలుగిళ్ళు వరసలో ఉన్నా ఫోనెత్తి నిజం చెప్పిన ట్రక్కువాడికి. రాని అంబులెన్స్‌కి కూడా, అవసరమైతే వచ్చేది గనక. ఇన్నేళ్ళూ ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు పంపుతూనే ఉన్నారు, తను వెలుగుతూనే ఉన్నాడు, తిరిగి పంపాల్సిన దారి ఒకటుందని మాత్రం తోచలేదు. కిటికీ వైపు చూశాడు. అద్దం వెనక ఎరుపు శాలువా కదిలింది. చెయ్యి ఊపాడు, ఊపాక సిగ్గేసింది, అత్తగారికి చెయ్యి ఊపడమేమిటి. శాలువాలోంచి ఒక చెయ్యి పైకి లేచి, ఏం చెయ్యాలో తెలియక, చెంగు సర్దుకుంది. దారి సగం పూర్తయ్యేసరికి పదకొండయింది, రోడ్డు మీద హెదర్ కారు వచ్చి లైట్లు వేసుకుని ఆగింది. వేలితో పది నిమిషాలు అన్నట్టు చూపించాడు. ఆమె బొటనవేలు పైకెత్తింది. పన్నెండు నిమిషాలు పట్టింది, ఆగింది.

హెదర్ చేతులు కడుక్కుని, మందు సంచి స్టాండుకి తగిలించి, గొట్టం శుభ్రం చేసి కలిపింది. మొదటి చుక్క పడి, రెండో చుక్క పడి, వరస అందుకున్నాక రామ్మోహన్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, బూట్లలోంచి మంచు కరిగి మడుగు కడుతోంది. అత్తగారు మంచం అంచున కాళ్ళు కిందికి వేలాడేసి, దిండు ఆసరాగా కూర్చుని ఉంది, పక్కన అమృత ఫోను చూసుకుంటోంది. హెదర్ చుక్కలు చూస్తూనే అడిగింది, "సో, వాట్ వజ్ రాంగ్ విత్ ఇట్?"

ఎర్త్ అంటే అత్తగారికి తెలుసు. ముప్ఫయ్యేళ్ళు విన్న మాట. ఎర్త్ పోయిందంటే ఎక్కడ పోయింది, ఎందుకు పోయింది అని తీగ పట్టుకుని వచ్చి బోల్టు దగ్గర ఆగుతుంది, తన నిమ్మకాయ తననే ఆసుపత్రికి పంపబోయిందని తెలిస్తే ఆ మనిషి ఇంక ఈ జన్మలో ఎవరికీ ఏదీ కట్టదు. ఇక్కడివాళ్ళు ఎర్త్ అనరు, గ్రౌండ్ అంటారు, రామ్మోహన్ ఆ ఇంగ్లీషు చాటుకి వెళ్ళాడు. "బ్యాడ్ గ్రౌండ్" అన్నాడు, వీలైనంత అమెరికన్ యాసలో. "జస్ట్ ఎ బ్యాడ్ గ్రౌండ్."

"ఏమంటున్నారమ్మడూ మీ నాన్నగారు?"

అమృత ఫోను మీంచి చూపు ఎత్తలేదు. "ట్రాక్టర్ వై స్టార్ట్ అవ్వలేదో చెప్తున్నాడు, అమ్మమ్మా. గ్రౌండ్ బ్యాడ్ అంట. ఐ మీన్... నేల. ఇక్కడి నేల మంచిది కాదంట."

అత్తగారి మొహం మారిపోయింది. "హవ్వ! తప్పు తప్పు. ఎంత మాట! నేలనలా అనొచ్చుటే? ఎక్కడ పుట్టామో ఎవరమో అడక్కుండా ఇంతమందిని మోస్తోంది. నేను జారిపడ్డానంటే నా కాలు తిన్నగా లేక పడ్డాను, నేల ఏం చేస్తుంది, పడ్డదాన్ని పట్టుకుంది. మీ నాన్నగారికి ఉద్యోగమిచ్చింది, మీ అమ్మకి ఇచ్చింది, ఇదుగో ఈ పిల్లని, నా భాషే రాని పిల్లని, నా బాగు కోసం ఇంత మంచులో తీసుకొచ్చింది. చెడ్డదంటావా దాన్ని?" వేలాడే కాళ్ళ కిందికి నేల వైపు చూసింది. "దణ్ణం పెట్టుకుందామంటే నడుం వంగదాయె. నువ్వన్నా పెట్టవే, తల్లీ. తప్పయిందని చెప్పు."

"వాట్? ఎక్కడ పెట్టాలి?" అంది అమృత.

పెళ్ళినాడు ఇత్తడి పళ్ళెంలో తన కాళ్ళు పెట్టించి, మామగారు కడుగుతుంటే చెంబుతో నీళ్ళు పోసింది ఈ మనిషి. అప్పట్నుంచీ అల్లుడంటే దేవుడు, దేవుడు వంగకూడదు, వంగితే ఆవిడకి పాపం, ఆ పద్ధతిలో సందు లేదు. రామ్మోహన్ రెండడుగులు వేసి మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చలికి ఇంకా తిమ్మిరి వదలని చేతులు రెండూ చెక్కనేల మీద, ఊదారంగు ఆసుపత్రి మేజోళ్ళు తొడిగిన ఆ పాదాలకి బెత్తెడు దూరంలో ఆనించి, నుదురు ఆ చేతుల మీదకి వంచాడు. మామూలుగా నేలకి పెట్టేవాళ్ళకన్నా కాస్త ఎక్కువసేపే ఉన్నాడు. లేచి చేతులు కళ్ళకద్దుకుంటుంటే హెదర్ కంగారుగా ఏదో పడిపోయిందా అని అడిగింది, లేదన్నాడు.

"చూశావా అమ్మడూ, పెద్దవాళ్ళు ఎంత బుద్ధిగా చేస్తారో" అంది అత్తగారు తృప్తిగా. అల్లుడు నేలకే మొక్కాడనుకుంది ఆవిడ. అది సగం నిజమే.